అత్తగారూ, ఆరో నంబరు శంకువూ

(అనంతపురం శివారు, మే నెల, రాత్రి పదకొండు గంటలు. పెరట్లో కుండలు కాల్చడానికి ఇటుకలతో కట్టిన ఆవం మండుతున్నది. అత్తగారు కుమ్మరింట పుట్టినవారు. అల్లుడు బెంగళూరులో ఉద్యోగం చేస్తూ సెలవు రోజుల్లో కుమ్మరి సారె పట్టినవాడు. ఒకరంటే ఒకరికి గౌరవం మెండు కనుక పోట్లాట కూడా మర్యాదగానే సాగుతుంది.)

అత్తగారు: అల్లుడుగారూ, మా నాన్నగారు కంప, పిడకలు, వేరుశనగ పొట్టు పేర్చి ఆవం ముట్టించారంటే తెల్లారేసరికి ఊరికి సరిపడా కడవలు దించేవారు. మీరు పొద్దుటి నుంచి బండెడు సర్కారు తుమ్మ తగలబెట్టి, ఇంకా చాలలేదంటున్నారు.

అల్లుడు: ఆయన ఆవం 800 డిగ్రీల దరిదాపుల్లో ఆగేది అత్తయ్యా. నేను 1220 దాకా వెళ్ళాలి. మన చెరువు మట్టిలో ఇనుము ఎక్కువ కాబట్టి ఆ వేడికి కుండ ఉబ్బి కూలబడుతుంది. అందుకే తట్టుకునే మట్టిని వేరుగా కొని తెప్పించాను.

అత్తగారు: మట్టిని కొన్న సంగతి మాత్రం మన చుట్టాల్లో ఎవరికీ చెప్పకండి. ఇంతకూ 1220 అయిందని మీకెవరు చెబుతారు?

అల్లుడు: ఆ కన్నంలోంచి చూడండి. మూడు శంకువులు నిలబెట్టాను, ఒక్కో నంబరుది ఒక్కో వేడికి మెత్తబడి వంగుతుంది. ఐదో నంబరుది ముందు వంగుతుంది, ఆరోది వంగి కొన కిందికి ఆనితే పని అయినట్టు, ఏడోది నిలబడే ఉండాలి. ఎంత వేడి తగిలిందన్నదే కాక, ఎంతసేపు తగిలిందన్నది కూడా అవి లెక్కలోకి తీసుకుంటాయి.

అత్తగారు: మూడూ మీ మామగారిలాగే ఉన్నాయి, ఎంత వేడి తగిలినా వంగేలా లేవు.

అల్లుడు: అందుకే మరో నాలుగు మొద్దులు వేస్తున్నాను.

అత్తగారు: ఆగండి! పొగగొట్టం నల్లగా కక్కుతున్నది, నిప్పులు పేరుకుని గాలికి దారి లేదు. ఇప్పుడు మొద్దు వేస్తే ఉన్న వేడి కూడా దిగిపోతుంది. కింది తలుపు తీసి నిప్పులు కెలకండి. పొగ పలచబడ్డాక సన్నగా చీల్చిన కట్టెలు కొద్దికొద్దిగా అందించండి.

(అల్లుడు, ఆశ్చర్యం, విన్నాడు. కొంతసేపటికి ఐదో శంకువు తల వంచింది.)

అల్లుడు: చూశారా, నా లెక్క తప్పలేదు! ఇక చాకలి సోడా నీళ్ళు చల్లాలి. ఇంత వేడికి కట్టెల బూడిద పూర్తిగా కరగదు, కుండ మీద గరుకుగా మిగులుతుంది. సోడా అయితే ఆవిరై, మట్టిలోని ఇసుకతో కలిసి గాజుపూత అవుతుంది.

అత్తగారు: బట్టలకని దాచిన సోడా పొట్లం కనబడక నేను మీ మామగారిని కసిరాను. పోనీయండి. ఇంత ఖర్చుపెట్టి కాలుస్తున్న నా కడవలో నీళ్ళు చల్లబడతాయా?

అల్లుడు: చల్లబడవు. మట్టిలోని సన్నటి రంధ్రాలు మూసుకుపోతాయి. నీరు బయటికి చెమర్చి ఆరితేనే కదా చల్లదనం.

అత్తగారు: అనంతపురంలో, మే నెలలో, నీళ్ళు చల్లబడని కడవ!

అల్లుడు: దాన్ని ఊరగాయ జాడీ అనుకోండి. నూనె పీల్చదు, ఉప్పు ఊరదు.

అత్తగారు: అలాగే అనుకున్నాను. మూత ఏదీ?

అల్లుడు: పూతకు అంటుకుపోతుందని భయపడి పక్కన పెట్టాను. తరువాత కాలుస్తాను.

అత్తగారు: కాలిన మట్టి కుదించుకుపోతుంది కదా! మధ్యలో మట్టి ఉండలు పెట్టి జాడీ మీదే కాల్చవలసింది. విడిగా కాలిస్తే ఎంత కొలిచినా సరిగ్గా కూర్చోదు.

అల్లుడు: అత్తయ్యా, ఆరోది వంగింది!

అత్తగారు: వంగనివ్వండి. జాడీకి వాసెన కట్టాలి, మీ కొత్త పంచె ఇలా ఇచ్చి వెళ్ళండి.