సైకిల్ బాటకు డబ్బు రోడ్డు బడ్జెట్‌లోనే ఉంది

రోడ్డు పనుల ఎస్టిమేట్ ఒకటి తీసుకుని మొదటి పేజీ నుంచి చివరిదాకా చదవండి. తవ్వకం, కంకర, తారు, డివైడర్, లైట్లు, బోర్డులు, ఆఖరికి తెల్ల గీతల పెయింటు దాకా ప్రతిదానికీ కొలత, రేటు ఉంటాయి. నడిచేవాళ్ల సంగతికి వచ్చేసరికి మాత్రం ఒకటే మాట: 'రెండో దశలో'. నేను చూసిన అలాంటి కాగితాల్లో ఆ రెండో దశ ఎప్పుడు మొదలవుతుందో ఎక్కడా రాసి లేదు. రోడ్డు పూర్తవుతుంది, బళ్లు పరుగెడతాయి, బడి పిల్లలు తారు అంచున మట్టిలో నడుస్తూనే ఉంటారు.

నడకకూ సైకిల్‌కూ ప్రభుత్వ నిధులు ఎలా తెచ్చుకోవాలని ఎవరు అడిగినా ముందు వినిపించేది ప్రత్యేక పథకాల పేర్లే. ఫలానా గ్రాంటుకు దరఖాస్తు పెట్టండి, ఫలానా తేదీ దాటనివ్వకండి అంటారు. అది తప్పుడు సలహా కాదు. కానీ ఆ వేటలో పడి, ఏటా ఎలాగూ ఖర్చయ్యే మామూలు రోడ్డు బడ్జెట్‌లో వాటా అడగడం మానేశాం. అసలు పోరాడాల్సింది అక్కడేనని నా గట్టి నమ్మకం.

ప్రత్యేక నిధిని నమ్ముకుంటే ఏమవుతుందో అమెరికా అనుభవం చెబుతుంది. 1991 నాటి రవాణా చట్టం రాష్ట్రాలకిచ్చే ఒక ప్రధాన రోడ్డు నిధిలో 10 శాతాన్ని కాలిబాటలు, సైకిల్ దారుల్లాంటి పనుల కోసం పక్కన పెట్టించింది. అప్పటికి అది పెద్ద గెలుపు. 2005లో పిల్లలు బడికి క్షేమంగా నడిచి వెళ్లే దారుల కోసం ఇంకో పథకం వచ్చింది. 2012లో కొత్త చట్టం ఇలాంటివన్నీ ఒకే పథకంలో కలిపేసి, అందులో సగం దాకా వేరే పనులకు మళ్లించుకునే వీలు రాష్ట్రాలకు ఇచ్చింది. 2021లో మళ్లీ 10 శాతం లెక్క తిరిగొచ్చింది. మధ్యలో ఖర్చు కాని నిధులను కేంద్రం వెనక్కి తీసుకున్నప్పుడల్లా చాలా రాష్ట్రాలు ఎక్కువ కోత పెట్టింది ఈ పద్దుకే. ఇంత కష్టపడి సాధించిన డబ్బు ఇంత తేలిగ్గా చేజారడం చూస్తే బాధేస్తుంది.

ఆ డబ్బు ఖర్చు కాకుండా ఎందుకు మిగులుతుంది? అవసరం లేక కాదు. అక్కడ సాధారణంగా 80 శాతం కేంద్రం ఇస్తే, మిగతా 20 శాతం స్థానికంగా సమకూర్చుకోవాలి. పైగా ఆ 80 శాతం కూడా ముందే చేతికి రాదు. ఊరు ముందు తన డబ్బుతో పని చేయించి, బిల్లులు పంపితే తర్వాత చెల్లిస్తారు. డిజైన్, స్థలం, పర్యావరణ అనుమతి, ఇవన్నీ దాటేసరికి ఏళ్లు గడుస్తాయి. పెద్ద నగరానికి వీటన్నిటికీ ఇంజినీర్లు, అకౌంటెంట్లు ఉంటారు. చిన్న ఊళ్లో ఒక్క ఇంజినీరే మంచినీటి పైపు పగిలినా, వంతెన కుంగినా చూసుకోవాలి. ఆయన ముందు వంద పేజీల దరఖాస్తు పెడితే ఏం చేస్తాడు? నిధులు మురిగిపోతాయి. మరుసటి ఏడాది 'ఈ నిధులకు డిమాండ్ లేదు' అని నోట్ తయారవుతుంది.

అందుకే గ్రాంటు ప్రకటన వచ్చాక ప్రాజెక్టు రాయడం మొదలుపెడితే ఆలస్యమే. 2020 మేలో కోవిడ్ సమయంలో బ్రిటన్ ప్రభుత్వం ఇంగ్లండ్‌లో నడక, సైకిల్ పనులకు 25 కోట్ల పౌండ్ల అత్యవసర నిధి ప్రకటించి, వారాల్లోనే పని మొదలవ్వాలని షరతు పెట్టింది. ఇలాంటి అవకాశం అందుకోవాలంటే కొలతలు, డ్రాయింగులు ముందే బీరువాలో సిద్ధంగా ఉండాలి. అదే ఏడాది జులైలో అక్కడే ఇంకో మంచి నియమం తెచ్చారు: రోడ్డు మీద గీత గీసి సైకిల్ బాట అంటే డబ్బు రాదు. ప్రమాణాలకు తగ్గట్టు డిజైన్ ఉంటేనే నిధులు.

నాకు అన్నిటికన్నా నచ్చిన ఉదాహరణ మాత్రం అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రానిది. 1971లో డాన్ స్టాథోస్ అనే శాసనసభ్యుడు తెచ్చిన బిల్లుపై గవర్నర్ టామ్ మెకాల్ సంతకం చేశారు. రోడ్డు కొత్తగా వేసినా, తిరగ వేసినా నడిచేవాళ్లకీ సైకిల్ తొక్కేవాళ్లకీ దారి కూడా వెయ్యాల్సిందే. రహదారి నిధిలో కనీసం 1 శాతం దీనికే ఖర్చు పెట్టాలి. ఖర్చు మరీ ఎక్కువైతేనో, జనమే లేని చోటైతేనో మినహాయింపు ఉంటుంది. 1 శాతం చిన్న అంకెలా కనిపిస్తుంది. బలమంతా మొదటి నియమంలో ఉంది. అక్కడ కాలిబాట ఒకరు దయతలచి ఇచ్చే గ్రాంటు కాదు, రోడ్డులో భాగం. 1990ల్లో పోర్ట్‌లాండ్ నగరం ఈ నియమం పాటించలేదని సైకిల్ సంఘం కోర్టుకెళ్లి గెలిచింది. గ్రాంటు రాలేదని కోర్టుకెళ్లలేం. చట్టం అమలు కాలేదని వెళ్లగలం.

వాటా ఎంత ఉండాలి? ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2016లో రవాణా బడ్జెట్‌లో కనీసం 20 శాతం నడకకు, సైకిల్‌కు ఇవ్వమని సూచించింది. 2020లో ఐర్లండ్ ప్రభుత్వం అదే అంకెను ఒప్పుకుని, ఏడాదికి 36 కోట్ల యూరోలు కేటాయిస్తానంది. ఇది ఎక్కువని ఎవరైనా అంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 నివేదిక చూపించండి. ఏటా రోడ్డు ప్రమాదాల్లో 11.9 లక్షల మంది పోతుంటే, వాళ్లలో 23 శాతం నడిచి వెళ్తున్నవాళ్లు, 6 శాతం సైకిల్ మీదున్నవాళ్లు. చావుల్లో అంత వాటా ఉన్నవాళ్లకు ఖర్చులో వాటా అడిగితే తప్పా?

ఇక లెక్కల విషయం. ట్రాఫిక్ లెక్కకు రోడ్డుకు అడ్డంగా నల్లటి రబ్బరు గొట్టం వేసి ఉండటం చూసే ఉంటారు. చక్రం ఎక్కిన ప్రతిసారీ పక్కనున్న పెట్టెలో ఒక అంకె పడుతుంది. దాని మీదుగా పాప చెయ్యి పట్టుకుని ఒక తల్లి దాటుతుంది. అంకె పడదు. రోజంతా అలా ఎందరు దాటినా ఆ రిపోర్టులో వాళ్లు లేనట్టే. కాబట్టి ఆ లెక్క మనమే తియ్యాలి: బడి గంట ముందు ఒక గంట, సాయంత్రం ఒక గంట, ఒక కాగితం, ఒక పెన్ను. దారే లేని చోట జనం తక్కువగానే కనిపిస్తారు కాబట్టి, ఆ బడిలో ఎంతమంది పిల్లలున్నారు, ఎంతమంది కిలోమీటరు లోపలే ఉంటున్నారు అన్నది కూడా జత చెయ్యాలి. అధికారి ముందు వినతిపత్రం కన్నా ఈ రెండు పేజీలు బాగా పనిచేస్తాయి.

ఎప్పుడు అడగాలన్నది ఇంకా ముఖ్యం. వచ్చే ఏడాది ఏ రోడ్లకు కొత్త తారు వేస్తారన్న జాబితా నెలల ముందే తయారవుతుంది. తారు వేశాక పాత గీతలు ఎలాగూ పోతాయి, కొత్తవి గియ్యాల్సిందే. ఆ సమయంలో లేన్లు కాస్త కుదించి, మిగిలిన జాగాను సైకిల్‌కు వదిలి, మధ్యలో అడ్డుదిమ్మెలు పెట్టించడానికి అయ్యే అదనపు ఖర్చు చాలా తక్కువ. అదే పని రెండేళ్ల తర్వాత విడిగా చెయ్యాలంటే వేరే టెండరు, వేరే మంజూరు, మళ్లీ అదే టెన్షన్.

నిర్వహణ గురించి చాలామంది ఆలోచించరు. గ్రాంట్లు కట్టడానికి ఇస్తాయి, ఊడవడానికి దాదాపు ఎవరూ ఇవ్వరు. పలకలు లేస్తాయి, లైట్లు ఆరిపోతాయి, బాట మీద కార్లు ఆగుతాయి. అప్పుడు 'చూశారా, ఎవరూ వాడటం లేదు' అంటూ తర్వాతి ప్రాజెక్టు ఆపేస్తారు. కాబట్టి మంజూరు కాగితం మీద సంతకాలు పడకముందే ఈ బాట నిర్వహణకు ఏటా ఎంత, ఏ పద్దు నుంచి, ఏ విభాగం బాధ్యత అన్నది అందులో రాయించుకోవాలి.