మొహానికి ఫుడ్ లైసెన్సు

ఈ మధ్య అమలాపురం నుంచి పాలకొల్లు దాకా చేతులు మారుతున్న ఒక ఫేస్ క్రీము డబ్బా వెనక 14 అంకెల నంబరొకటి దర్జాగా అచ్చయి ఉంది. దాని పైన ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ముద్ర. అంటే ఆహార భద్రతా సంస్థ. ఆత్రేయపురం పూతరేకుల పొట్లం మీద, తాపేశ్వరం కాజా పెట్టె మీద ఉండవలసిన నంబరు. పక్కన ఒక పచ్చని ఆకు బొమ్మ, ఆ కింద "ప్రభుత్వ ఆమోదం పొందినది" అని బంగారు రంగు అక్షరాలు.

ఆమోదం నిజమే, కాదనడానికి మనమెవరం? అయితే అది తినడానికిచ్చిన ఆమోదం. కనుక ఈ క్రీముని మొహానికి రాసుకునేవారే నిబంధనలు ఉల్లంఘిస్తున్నారు. పద్ధతి ప్రకారమైతే దీన్ని పెళ్ళి భోజనాల్లో వడ్డించాలి. పనసపొట్టు కూర అయ్యాక, ముద్దపప్పు రాకముందు, ఆకు చివర ఒక చెంచా. వడ్డించేవాడు "క్రీమండీ, క్రీము" అంటూ బంతి వెంట నడవాలి. మగపెళ్ళివారి పెద్దాయన ఒకరు "మా వరసకి రాలేదే" అని చెయ్యి కడిగేసుకోబోవాలి. ఆడపెళ్ళివారు హడలిపోయి "బావగారూ, ఒక్క నిమిషం ఆగండి" అని పరిగెత్తుకెళ్ళి, ఫ్యామిలీ ప్యాకు తెచ్చి ఆయన ఆకులో బోర్లించాలి. ఆయన ఓ ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, కాసేపు ఆలోచించి, "కుంకుమపువ్వు తగ్గిందయ్యా" అని తీర్పివ్వాలి. మిగిలింది పెరుగన్నంలో కలుపుకోవాలి. ఇంటికెళ్ళేటప్పుడు తాంబూలం సంచిలో తలా ఒక డబ్బా. చట్టాన్ని గౌరవించేవారికి వేరే మార్గం లేదు.

ఆ నంబరు అక్కడికెలా వచ్చిందో ఊహించడం కష్టం కాదు. అంతకుముందు పచ్చళ్ళ వ్యాపారం ఉండి ఉంటుంది. లేబులు డిజైను చేసే కుర్రాడు "ఏదైనా లైసెన్సు నంబరుందా అండీ" అని అడిగి ఉంటాడు. ఉన్నదిచ్చారు. అదీ లేనివారు ఉద్యమ్ నంబరు ఇస్తున్నారు. ఉద్యమ్ అంటే ఆధార్ ఉన్నవారికి ఆన్‌లైన్లో ఉచితంగా వచ్చే నమోదు. మీరు చిన్న వ్యాపారి అని అది చెబుతుంది. డబ్బాలో ఏముందో దానికి తెలియదు, పాపం.

క్రీముకీ సబ్బుకీ వేరే చట్టం ఉంది. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం, దాని కింద 2020 డిసెంబరులో వచ్చిన కాస్మెటిక్స్ రూల్స్. మీ షెడ్డులో మీరే తయారుచేస్తే రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ నుంచి కాస్-8 లైసెన్సు తెచ్చుకోవాలి. వేరొకరి ఫ్యాక్టరీలో చేసుకుంటే లోన్ లైసెన్సు, కాస్-9. కెమిస్ట్రీయో ఫార్మసీయో చదివిన టెక్నికల్ మనిషి ఉండాలి. ఇదంతా మన వల్ల కాదనుకుంటే మూడో దారి ఉంది. లైసెన్సున్న తయారీదారు దగ్గర చేయించుకుని, డబ్బా మీద వారి పేరు, చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, ఏ తేదీలోపు వాడాలి, ఏమేం కలిసింది, అన్నీ వేసి మీ బ్రాండు పేరుతో అమ్ముకోవడం. వారు ఒక్కో రకానికి 500 డబ్బాలో 1,000 డబ్బాలో కనీస ఆర్డరు అడుగుతారు. కొత్తవారికి ఇదే క్షేమం. కానీ ఇందులో "మా అమ్మమ్మ గారి చేతి రెసిపీ" అని రాసుకునే అవకాశం తగ్గుతుంది కాబట్టి మనవారు ఒప్పుకోరు.

బయటివాళ్ళు ఈ వ్యాపారంలోకి రాకూడదని ఎవరూ అనడం లేదు. ఫల్గుణి నాయర్ బ్యాంకింగ్ నుంచి వచ్చి 2012లో సౌందర్య సాధనాలు ఆన్‌లైన్లో అమ్మే నైకా పెట్టారని ప్రతి సెమినారులోనూ చెబుతారు. ఆవిడ మొదలుపెట్టింది ఇతరుల సరుకు అమ్మే దుకాణమని, వంటింట్లో సీరం కాచలేదని మాత్రం ఏ వక్తా చెప్పడు. చెబితే సెమినారు ఫీజు ఎవరు కడతారు?

మన డెల్టా పారిశ్రామికవేత్తల్లో విచిత్రం మరొకటుంది. పాత వ్యాపారంలో నేర్చుకున్న మంచి విద్యనంతా గుమ్మం బయట చెప్పులతో పాటు విడిచి లోపలికొస్తారు. పచ్చళ్ళావిడనే చూడండి. ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టిన కోడలిని ఇప్పటికీ క్షమించని మనిషి. మామిడికాయ ముక్క తుడిచి ఆరబెట్టాలని, ఉప్పు తగ్గితే బూజని, నూనె పైకి తేలాలని నిద్రలో అడిగినా చెబుతుంది. అలాంటావిడ కడియం నర్సరీ నుంచి తెచ్చిన కలబంద మట్టని గీకి, మిక్సీలో వేసి, గులాబీనీళ్ళు కలిపి, డబ్బాకెత్తి "ప్రిజర్వేటివ్ లేదు" అని గర్వంగా రాస్తుంది. అమ్మా, అది నీళ్ళతో నిండిన సరుకు. ఉప్పు లేదు, నూనె లేదు, పులుపు లేదు. అందులో రోజూ నాలుగు తడి వేళ్ళు మునుగుతాయి. ఫ్రిజ్ బయట వారం తిరక్కుండానే సూక్ష్మజీవులు కాపురం పెడతాయి. వాసన రాకపోతే లేనట్టు కాదు. మామూలు క్రీములో గ్రాముకి 1,000కి మించి సూక్ష్మజీవులు ఉండకూడదు, సూడోమొనాస్ లాంటి జబ్బు చేసే బ్యాక్టీరియా అసలే ఉండకూడదు. విటమిన్-ఇ వేశామంటారు. అది నూనె కంపు కొట్టకుండా చూస్తుంది తప్ప బ్యాక్టీరియాని ఏమీ చెయ్యదు. ఫినాక్సీ ఇథనాల్ అనే ప్రిజర్వేటివ్ 1 శాతం లోపు, క్రీము 40 డిగ్రీల కిందికి చల్లారాక కలిపితే సరిపోయేదానికి ఇంత పౌరుషం దేనికి? సోడియం బెంజోయేట్ అనే మరో ప్రిజర్వేటివ్ వాడితే పీహెచ్, అంటే పులుపూ క్షారమూ తెలిపే అంకె, 5 దగ్గర ఉంచాలి, అంతకంటే బాగా పైకెళితే అది పనిచెయ్యడం మానేస్తుంది. ఇక మట్ట కోయగానే కారే పసుపు పాలని పూర్తిగా కారనివ్వకపోతే దురద అదనం, దానికి చార్జీ లేదు.

"కెమికల్ లేని కొబ్బరి సబ్బు" సంగతి మరీ ముచ్చట. అంబాజీపేట కొబ్బరినూనె కిలోకి సుమారు 183 గ్రాముల కాస్టిక్ సోడా పడితేనే మొత్తం సబ్బవుతుంది. కాస్టిక్ లేకుండా సబ్బు చేశామనేవారు అమ్ముతున్నది గడ్డకట్టిన నూనె అయినా కావాలి, అబద్ధమైనా కావాలి. కొబ్బరినూనె ఒక్కటే వాడితే చర్మం పీక్కుపోతుంది కనుక తెలిసినవారు కాస్టిక్‌ని 146 గ్రాముల దగ్గర ఆపి, ఐదో వంతు నూనె మిగిలేలా చూస్తారు. కాస్టిక్‌ని నీళ్ళలో పోయాలి, నీళ్ళని కాస్టిక్ మీద పొయ్యకూడదు. పోస్తే ఎగిరి మొహం మీద పడుతుంది. అల్యూమినియం గిన్నె వాడితే గిన్నెనే తినేసి హైడ్రోజన్ వదులుతుంది. స్టీలో మందపాటి ప్లాస్టికో వాడాలి. ఇక్కడ 5 గ్రాముల తేడా కూడా లెక్కే. కూరగాయల కాటాతో తూచి చేసిన సబ్బు ఒళ్ళు మండిస్తే అది "మూలికల ఘాటు" కాదు. కోశాక నాలుగు నుంచి ఆరు వారాలు ఆరబెట్టాలి. గోదావరి జిల్లాల శ్రావణ మాసంలో ఆ ఆరడం కూడా ఆరడం కాదు, గ్లిజరిన్ గాలిలో తేమ లాక్కుని సబ్బుకి చెమటలు పోస్తాయి.

ఇందులో పసుపు వేస్తారు. పసుపూ సున్నం కలిస్తే పారాణి అవుతుందని పెళ్ళిళ్ళు చేసిన ప్రతి ఇంటికీ తెలుసు. సబ్బు కూడా క్షారమే, పీహెచ్ 9 నుంచి 10. పసుపు సబ్బు ఇటుక రంగుకి తిరుగుతుంది. అప్పుడేం చేస్తారు? పసుప్పచ్చ రంగు కొని కలుపుతారు. అదే బిళ్ళ మీద "పీహెచ్ బ్యాలెన్స్‌డ్" అని కూడా రాస్తారు. చర్మం పీహెచ్ 5 చుట్టుపక్కల ఉంటుంది. అక్కడికి దింపాలని నిమ్మరసం పిండితే సబ్బు విరిగి కొవ్వు విడిపోతుంది. ఈ చిన్న ఇబ్బందిని లేబులు పట్టించుకోదు.

ఆవిష్కరణ సభలు మే నెలలోనే ఎందుకు పెడతారో తెలియదు. బాడీ బటర్‌లో ముప్పాతిక వంతు కొబ్బరినూనె. అది 24 డిగ్రీలకే కరుగుతుంది. రావులపాలెం ఫంక్షన్ హాల్లో ఏసీ ఆడకపోతే ముఖ్య అతిథి మూత తిప్పగానే అభిషేకమే. యాంకరు తడుముకోకుండా "చూశారా, ఎంత వేగంగా ఇంకిపోతోందో" అంటుంది. నిజమే, ఇంకుతోంది. శాలువాలోకి. అదే డబ్బా సంక్రాంతికి గునపంతో తవ్వాలి. తేనెమైనం 62 డిగ్రీల పైన గానీ కరగదు, పదిశాతం కలిపితే ఈ కష్టం చాలావరకు తీరేది. 40 డిగ్రీల వేడిలో, 75 శాతం తేమలో మూడు నెలలు ఉంచి చూడటాన్ని స్టెబిలిటీ పరీక్ష అంటారు. దానికోసం పట్నాల్లో ఖరీదైన పెట్టెలు కొంటారు. మన రేకుల షెడ్డుకి ఏప్రిల్లో ఆ యోగ్యత ఊరికే వస్తుంది, అయినా మనవారికి ఓపిక ఉండదు.

డబ్బు లెక్క త్వరగా చెప్పుకుందాం, ఎందుకంటే వారూ అంతే త్వరగా వేస్తారు. డబ్బా 399 రూపాయలు. క్రీము మీద 18 శాతం జీఎస్టీ, అంటే అందులో 61 రూపాయలు ప్రభుత్వానివి. 2025 సెప్టెంబరులో 5 శాతానికి దిగింది సబ్బు బిళ్ళ, క్రీము కాదు. ఈ రెంటినీ కలిపేసి ధర కట్టినవారికి ఏడాది చివర ఆడిటర్ గారు చెబుతారు. మిగిలిన 338లో సరుకు, డబ్బా, అట్టపెట్టె 90, కొరియర్ 70, ఇన్‌స్టా ప్రకటన 120 అనుకుంటే చేతికి 58. క్యాష్ ఆన్ డెలివరీలో తలుపు తియ్యని వినియోగదారు ఒక్కరు తగిలితే ప్రకటన, రానుపోను కొరియర్ కలిపి 260 పోతుంది. నాలుగున్నర డబ్బాల లాభం ఒక్క తలుపు దగ్గర. ఇది తెలిశాక కొందరు బుద్ధిగా రొయ్యల మేత ఏజెన్సీకి తిరిగి వెళ్ళిపోతారు.

వెళ్ళనివారికి దొరికే సరుకొకటుంది. నైట్ క్రీము.

ఈ మొత్తం రంగంలో చెప్పినట్టు పనిచేసేది ఇదొక్కటే. ఏడు రోజుల్లో తెలుపు అంటారు, వస్తుంది. ఎందుకు రాదు? అందులో ఉన్నది కుంకుమాది తైలం కాదు, బీటామెథసోనో క్లోబెటసాలో. సోరియాసిస్‌కీ ఎగ్జిమాకీ డాక్టరు లెక్కపెట్టి, ఇన్ని రోజులే అని రాసిచ్చే స్టెరాయిడ్లు. 2018లో కేంద్రం ఇలాంటి 14 స్టెరాయిడ్ పూత మందుల్ని చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్‌లో పెట్టింది. ఇక్కడ వాటి ట్యూబులు పిండి, చర్మం రంగు తగ్గించే హైడ్రోక్వినోన్ కలిపి, గులాబీ అత్తరు చుక్క వేసి, పేరు మార్చి అమ్ముతున్నారు. రాసేకొద్దీ చర్మం పలచబడుతుంది, ఎర్రటి నరాలు తేలతాయి, మొటిమలు విరుచుకుపడతాయి, ఆడపిల్ల చెంపల మీద వెంట్రుకలు మొలుస్తాయి. కొన్నిటిలో పాదరసం. కేరళలో మలప్పురం జిల్లా వైద్యులు తెల్లబరిచే క్రీములు వాడినవారిలో మూత్రపిండాల జబ్బు బయటపెట్టి 2023లో హెచ్చరించారు. మొహానికి రాస్తే కిడ్నీకి తగిలింది!

దీన్ని ఎవరికి అమ్ముతున్నారు? పెళ్ళిచూపులు కుదిరిన చామనఛాయ పిల్లకి. ఇంటర్ చదివే పిల్లకి. "నల్లగా ఉందని రెండు సంబంధాలు వెనక్కెళ్ళాయండీ" అని వాట్సాప్‌లో ఏడ్చిన తల్లికి. అమ్మేవాడు ఎవరు? నిన్నటిదాకా చెరువు గట్టు మీద పొద్దునా సాయంత్రం నీళ్ళ పీహెచ్ చూసినవాడు, ఆక్సిజన్ తగ్గితే అర్ధరాత్రి లేచి ఏరియేటర్లు వేసినవాడు. యూరప్ వాడు తినబోయే రొయ్యలో నిషేధించిన యాంటీబయాటిక్ క్లోరాంఫెనికాల్ ఉందేమోనని పట్టుబడికి ముందే నమూనా ల్యాబుకి పంపినవాడు. కంటైనరు వెనక్కొస్తే బతుకు పోతుందని వాడికి తెలుసు. రొయ్యకి అంత భయపడ్డావే, సొంత ఊరి పిల్ల మొహానికి ఒక్క పరీక్ష చేయించాలని తోచలేదా నీకు? తెలియక కాదు. ఆ పిల్ల వెనక్కి రాదని ధైర్యం.

వస్తుంది, నిజానికి. మందు ఆపిన కొన్ని రోజులకి మొహం ఎర్రబడి, మండి, దురద పుట్టి, మునుపటికంటే నల్లబడి, ఫోటో తీసి పంపిస్తుంది. "ఏమైందండీ ఇలా అయింది" అని అడుగుతుంది, ఇంకా "అండీ" అనే అంటుంది. అటునుంచి జవాబు: "కంగారు పడకమ్మా, లోపలి విషం బయటికి పోతోంది, ఆపకుండా రాయి." ఆ కిందే రెండో డబ్బాకి పది శాతం తగ్గింపు కూపను.