బ్యాగు ఎవరు సర్దాలి?

స్కౌట్ల నాయకత్వ శిక్షణ క్యాంప్‌కి పిల్లల్ని పంపే ముందు ఇంట్లో హడావుడంతా ఒక కాగితం చుట్టూ తిరుగుతుంది. స్లీపింగ్ బ్యాగ్, రెయిన్ కోటు, టార్చి, నీళ్ల సీసా, విడి మేజోళ్లు. ఇంట్లో ఒకరు జాబితా చదువుతారు, ఇంకొకరు కొనుక్కొస్తారు, బ్యాగు నిండుతుంది. 14 ఏళ్ల స్కౌట్ మాత్రం పక్క గదిలో ఫోన్ చూసుకుంటూ ఉంటాడు. వారం రోజుల పాటు తోటివాళ్లను నడిపించడం నేర్చుకోబోతున్న పిల్లాడు తన బ్యాగులో ఏముందో తెలియకుండానే బస్సెక్కుతాడు.

మొదటి రాత్రి వాన పడిందనుకుందాం. టార్చి ఎక్కడుందో తెలియక చీకట్లో బ్యాగంతా కుమ్మరిస్తాడు. పొడిబట్టలు తడినేల మీద పడతాయి, పక్కన పడుకున్నవాళ్ల నిద్ర చెడుతుంది. టార్చి పైఅరలో చేతికందే చోటే ఉంది. కానీ అక్కడ పెట్టింది అమ్మ. తెల్లారి పెట్రోల్ (స్కౌట్ల చిన్న జట్టు) మొత్తాన్ని లేపి వంటకు కదిలించాల్సిన వంతు అతనిదే అయితే ఆ పూట ఎలా గడుస్తుందో ఊహించుకోవచ్చు. జాబితాలో ఉన్నవన్నీ ఉన్నాయి, సిద్ధపడటమే జరగలేదు.

ఇలాంటి క్యాంప్‌లో ఏం చేయిస్తారో తెలిస్తే ఇది ఎంత పెద్ద లోటో అర్థమవుతుంది. అమెరికా స్కౌట్ల నేషనల్ యూత్ లీడర్‌షిప్ ట్రైనింగ్‌నే చూడండి. అది 6 రోజుల కోర్సు. ఒక ట్రూప్, అంటే కొన్ని పెట్రోళ్లు కలిసిన స్కౌట్ దళం, నెల రోజుల్లో చేసే పనిని ఆ 6 రోజుల్లోకి కుదిస్తారు. మొదటి మూడు రోజులూ రోజుకో ట్రూప్ మీటింగ్, వాటిలో నేర్చుకున్నదాన్ని వాడి చూసుకోవడానికి ఆ తర్వాత ఒక పెద్ద కార్యక్రమం, ఆరుబయట రాత్రి బస. వేర్వేరు ట్రూపుల నుంచి వచ్చినవాళ్లను కలిపి కొత్త పెట్రోళ్లుగా విడదీస్తారు. పెట్రోల్ లీడర్ బాధ్యత వంతులవారీగా అందరికీ వస్తుంది. పాఠం చెప్పేవాళ్లలోనూ ఎక్కువమంది టీనేజర్లే.

ఈ పద్ధతికి వందేళ్లు దాటాయి. 1907 ఆగస్టులో స్కౌటింగ్ స్థాపకుడు బేడెన్ పావెల్ ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవిలో ఇరవై మంది దాకా అబ్బాయిలతో వారం రోజుల క్యాంప్ నడిపాడు. వాళ్లలో ధనికుల బడుల్లో చదివేవాళ్లూ ఉన్నారు, సామాన్య కుటుంబాల వాళ్లూ ఉన్నారు. అందరినీ కలిపి నాలుగు పెట్రోళ్లు చేసి, ఒక్కోదానికి ఒక పెద్ద కుర్రాణ్ని లీడర్‌గా పెట్టాడు. క్యాంప్‌లోనూ బయటా తన పెట్రోల్ నడవడికకు పూర్తి బాధ్యత ఆ కుర్రాడిదే. స్కౌటింగ్ మొత్తం ఆ నమ్మకం మీదే నిలబడింది. అలాంటి నమ్మకం రుచి ఇంట్లోగానీ ట్రూప్‌లోగానీ అంతకుముందు ఒక్కసారైనా తగలని పిల్లల్ని తీసుకెళ్లి వారం రోజుల్లో నాయకుల్ని చేసి పంపమంటే ఏ క్యాంప్ వల్లా కాదు.

స్కౌట్లకు నేర్పే విధానాల్లో నాలుగు అంచెలది ఒకటుంది. ముందు వివరించాలి, తర్వాత చేసి చూపించాలి, పక్కనుండి చేయించాలి, చివరికి వదిలేయాలి. మన ఇళ్లలో చాలావరకు రెండో అంచె దగ్గరే ఆగిపోతాం. గుడారం ఎలా వేయాలో చెబుతాం, వేసి చూపిస్తాం, మబ్బు పట్టగానే వాళ్ల చేతిలోంచి లాక్కుని మనమే బిగిస్తాం. స్కౌట్ మాస్టర్లూ ఇందుకు మినహాయింపు కాదు. త్వరగా అయిపోతుందని, చక్కగా వస్తుందని పిల్లల పని పెద్దలు చేసేసిన ప్రతిసారీ ఆ మూడో అంచె, నాలుగో అంచె వాయిదా పడుతున్నాయి.

అందుకే క్యాంప్‌కి కనీసం రెండు నెలల ముందు నిజమైన పని ఒకటి వాళ్ల చేతికివ్వాలంటాను. అది ఉత్తుత్తి పదవి కాకూడదు, చెడిపోతే చెడిపోయినట్టు కనిపించే పని కావాలి. ఒక రాత్రి బస ఏర్పాటు చేయమనండి. ఎక్కడికి వెళ్లాలి, ఎంతమందికి వండాలి, ఎవరు గిన్నెలు కడగాలి, వాన వస్తే ఏం చేయాలి అన్నీ వాళ్లే తేల్చుకోవాలి. ఉప్పు మర్చిపోతే చప్పిడి కూడే తింటారు. గుడారం మేకులు తేకపోతే తాడుకు ఏ రాయి కట్టాలో వెతుక్కుంటారు. పెద్దలు తమ దగ్గర ఉంచుకోవాల్సినవి వేరే ఉన్నాయి: మంట, నీళ్లు, మందులు, పిడుగులు, లోతు తెలియని చోట ఈత. వీటిలో రాజీ లేదు. ఒంటి మీదికి ప్రమాదం తెచ్చేదేదో, పూటకు కాస్త ఇబ్బంది పెట్టేదేదో విడదీసి చూడగలిగితే చాలు. ఇబ్బందిని పిల్లలకే వదిలేయవచ్చు. ‘భద్రత’ అనే ఒక్క మాట కింద రెండింటినీ కలిపేయబట్టే పిల్లలకు దేనికీ అవకాశం దొరకడం లేదు.

ఇంకో సన్నాహం ఉంది, దాన్ని దాదాపు ఎవరూ పట్టించుకోరు. ఇంకొకరి మాట వినడానికి సిద్ధపడటం. సొంత ట్రూప్‌లో పెట్రోల్ లీడర్‌గా చక్రం తిప్పే అమ్మాయి ఇక్కడ రోజుల తరబడి మామూలు సభ్యురాలు. తనకంటే అనుభవం తక్కువ ఉన్న పిల్లాడు ఆ రోజు లీడర్. అతను వంట ఆలస్యంగా మొదలుపెడతాడు, పనులు సరిగ్గా పంచలేడు. తనైతే ఎంత బాగా చేసేదో ఆ అమ్మాయికి తెలుసు. నోరు పారేసుకోకుండా, అలాగని ముఖం ముడుచుకుని పక్కన కూర్చోకుండా అతని పని సాగేలా సాయపడటం ఆ వయసులో చాలా కష్టం. ఇంటి దగ్గరే, తమకంటే చిన్నవాళ్లు నడిపే మీటింగులో పెద్ద స్కౌట్లను కూర్చోబెట్టి ఇది సాధన చేయించవచ్చు.

గొడవ వస్తుందనీ ముందే చెప్పాలి. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త బ్రూస్ టక్‌మన్ 1965లో బృందాలు సాగే తీరును నాలుగు దశలుగా చెప్పాడు: కలవడం, కొట్లాడుకోవడం, సర్దుకోవడం, పని సాధించడం. మొదటి రోజు అందరూ మర్యాదస్తులే. అలసట చేరి, నిద్ర తగ్గాక, ఎవరు ఎక్కువ చేస్తున్నారు, ఎవరు తప్పించుకుంటున్నారు అన్న లెక్కలు మొదలవుతాయి. ఆ సాయంత్రం చాలామంది పిల్లలు తమ పెట్రోల్ పనికిరానిదని తీర్మానించేసుకుంటారు. ఇది దారిలో వచ్చే మజిలీయేనని తెలిసి వచ్చినవాళ్లు పక్కవాళ్లకూ ధైర్యం చెప్పగలుగుతారు.

ఒంటి విషయంలో చెప్పాల్సింది కొంచెమే. కొత్త బూట్లతో క్యాంప్‌కి వెళ్లకూడదు, కొన్ని వారాలు వేసుకుని నడవాలి. తడిసిన నూలు మేజోళ్లు బొబ్బలు తెస్తాయి. ఈ వయసుకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరం, వెళ్లే ముందు వారమైనా అది దక్కాలి. ఉబ్బసం మందు, అలెర్జీ మందు ఎప్పుడు ఎలా వాడాలో క్యాంప్ వాళ్లకు రాసిస్తే సరిపోదు, పిల్లలకే తెలియాలి. అమ్మాయిలతో నెలసరి గురించి దాపరికం లేకుండా మాట్లాడి, ఆరుబయట శుభ్రత ఎలాగో, వాడినవి ఎక్కడ పారేయాలో ముందే చెప్పాలి.

ఇంటి బెంగ మాత్రం తల్లిదండ్రుల చేతిలో ఉన్న విషయం. దీని మీద అక్కడి పిల్లల వైద్యుల సంఘం అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2007లో వైద్యులకు ఒక మార్గదర్శక నివేదిక ఇచ్చింది. ముందుగా ఇల్లు విడిచి కొద్దిరోజులు ఉండటం అలవాటు చేయమంది. నచ్చకపోతే వచ్చి తీసుకెళ్తామని మాటివ్వవద్దంది. ప్రేమతో అనే ఆ మాటలో పిల్లలకు వినిపించేది ‘నువ్వు ఉండలేవు’ అన్న అనుమానమే. బెంగ రావడం మామూలే, వచ్చినప్పుడు పెట్రోల్‌లో ఎవరితోనైనా చెప్పుకో, చేతికి పని పెట్టుకో అని చెప్పి పంపడం మేలు.

ఇక ట్రూప్ వంతు. క్యాంప్ నుంచి ఉత్సాహంతో తిరిగొచ్చిన పిల్లలకు సొంత ట్రూప్‌లో చేయడానికి ఏమీ లేకపోవడం నన్ను అన్నిటికంటే బాధపెడుతుంది. మీటింగ్ ఎప్పటిలాగే పెద్దలే నడుపుతారు. కొత్త ఆలోచన చెప్పబోతే ‘చూద్దాంలే’ అంటారు. నెల తిరిగేసరికి ఆ వేడి చల్లారుతుంది, కొందరు రావడమే మానేస్తారు. కాబట్టి బయల్దేరక ముందే స్కౌట్ మాస్టర్ ఆ పిల్లలతో విడిగా కూర్చోవాలి. తిరిగొచ్చాక ఏ పని నీదో, ఏ తేదీ నుంచో స్పష్టంగా చెప్పాలి. వచ్చే క్యాంపింగ్ ఏర్పాట్లు కావచ్చు, కొత్తగా చేరిన చిన్నపిల్లల పెట్రోల్ కావచ్చు. మిగతా పెట్రోల్ లీడర్లకూ ఆ సంగతి అప్పుడే తెలియాలి. లేకపోతే తిరిగొచ్చిన పిల్ల మొదటి మీటింగులో నోరు తెరవగానే ‘క్యాంప్‌కి వెళ్లొచ్చి మా మీద పెత్తనమా’ అంటారు. ఆ మాట పడ్డాక మళ్లీ ముందుకు రావడానికి ఆ పిల్లకు చాలాకాలం పడుతుంది.