తివాచీ వీపు చూశారా?

మా హాల్లో కార్పెట్ చుట్టూ రోజూ తెల్లటి పిండి రాలుతోంది. "అక్కా, ఊడ్చిన గంటకే మళ్ళీ వస్తోంది, చెదలేమో చూడండి" అని పనమ్మాయి రెండు నెలల నించీ పోరుతూనే ఉంది. పెస్ట్ కంట్రోల్ వాళ్ళని పిలిపించాను. వాళ్ళొచ్చి తలుపులు తట్టి, సోఫా కాళ్ళు గోకి చూసి, చెదల్లేవని చెప్పి పదిహేను వందలు పట్టుకెళ్ళారు. ఆఖరికి కార్పెట్ ఎత్తితే దొరికాడు దొంగ. ఐదేళ్ళ కిందట గృహప్రవేశానికి ముచ్చటపడి ఎనభై ఐదు వేలు పోసి కొన్న తివాచీ అది. వెనక కుట్టిన గుడ్డని ఒక మూల బ్లేడుతో కోసి చూశాను. లోపలంతా ఎండి పొడైపోయిన బంక! వేళ్ళతో నలిపితే మైదాపిండిలా రాలింది.

కొన్న షాపుకి ఫోటోలు పట్టుకుని వెళ్ళాను. "హ్యాండ్‌మేడ్ అన్నారు కదండీ" అంటే, ఆయన తొణక్కుండా "హ్యాండ్‌మేడే మేడమ్, చేత్తోనే చేశారు" అన్నాడు. ఇంటికొచ్చి నాలుగు రోజులు కూపీ లాగాక నాకర్థమైంది, ఆయన అబద్ధం చెప్పలేదు. తప్పు ప్రశ్న అడిగింది నేను.

నాకు అంటగట్టిన దాన్ని హ్యాండ్ టఫ్టెడ్ అంటారు. గుడ్డ మీద డిజైన్ గీసి, డ్రిల్లింగ్ మిషన్ లాంటి గన్ పట్టుకుని ఉన్నిని ఆ గుడ్డలోకి పొడుచుకుంటూ పోతారు. ఆ పోగుని పట్టి ఉంచే ముడి అంటూ ఏదీ ఉండదు. వెనక లేటెక్స్ బంక పూసి, అది కనబడకుండా ఇంకో గుడ్డ అతికిస్తారు. గన్ పట్టుకున్నది మనిషే కాబట్టి హ్యాండ్‌మేడే! బంక ఎండిందంటే తివాచీ పనైపోయినట్టే. అసలైన ముడుల తివాచీ సంగతి వేరు. మగ్గం మీద నిలువుగా లాగి కట్టిన పడుగు పోగులకి ఒక్కో ఉన్ని పోగూ చుట్టి, ముడేసి, కత్తిరించి, వరస పూర్తయ్యాక అడ్డంగా పేక నడిపి దువ్వెనతో దట్టిస్తారు. దానికి బంకతో పనే లేదు. టఫ్టెడ్ తివాచీ కొనడం నేరమేం కాదు, అద్దె ఇంటికి నాలుగేళ్ళ ముచ్చటగా అది చాలు. దాన్ని ముడుల తివాచీ ధరకి అమ్మడం మీదే నా ఏడుపంతా.

కాబట్టి షాపులో "చేత్తో చేసిందా?" అని అడగొద్దు. "ముడి వేసిందా?" అని అడగండి. ఆయన జవాబు చెప్పేలోపు మీరే మూల తిప్పి చూసేయండి.

ఈ చూడ్డం నాకు నేర్పింది పాతబస్తీలో తివాచీలకి రఫూ చేసే ఒక పెద్దాయన. నా కార్పెట్ బాగుచేస్తాడేమోనని వెళ్ళాను. దాన్ని విప్పకుండానే, చుట్ట అంచు చూసి "ఇది నా దగ్గరికి రావాల్సింది కాదమ్మా" అన్నాడు. తర్వాత తన దగ్గరున్న పాత కశ్మీరీ తివాచీ ఒకటి బోర్లా పరిచాడు. ముందువైపు డిజైన్ ఎంత స్పష్టంగా ఉందో వెనకా అంతే, రంగుతో సహా. ఒక్కో ముడీ ఆవగింజలా కనబడుతోంది. జేబులోంచి ఒక అట్టముక్క తీశాడు, మధ్యలో సరిగ్గా అంగుళం చదరం కన్నం. దాన్ని తివాచీ వీపు మీద పెట్టి అడ్డంగా, నిలువుగా గుండుసూదితో లెక్కపెట్టాడు. పద్దెనిమిదికి పద్దెనిమిది. అంటే అంగుళం చదరంలో 324 ముడులు. చివర్లో కుచ్చులు చూపించి లాగమన్నాడు. అవి విడిగా కుట్టినవి కావు, పడుగు పోగులే బయటికొచ్చి కుచ్చులయ్యాయి. నా దానికేమో లంగాకి లేసు కుట్టినట్టు కుచ్చుల పట్టీ విడిగా కుట్టి ఉంది. ఐదేళ్ళుగా రోజూ చూస్తున్నదే, ఎప్పుడైనా బుర్రకెక్కితేగా!

ఇప్పుడో చిన్న లెక్క. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు అంటే 3,456 చదరపు అంగుళాలు. అంగుళానికి 324 చొప్పున పదకొండు లక్షల పైచిలుకు ముడులు. చెయ్యి తిరిగిన మనిషి రోజుకి ఎనిమిది వేల ముడులు వేశాడనుకున్నా నూట నలభై రోజులు. కూలి రోజుకి మూడొందలే అనుకోండి (అనుకోవడానికే సిగ్గేస్తోంది), నలభై రెండు వేలు. పట్టు ఖర్చు, రంగు, ఉతుకు, దళారీ, షాపు అద్దె ఇందులో లేవు. మరి అదే సైజు "ప్యూర్ సిల్క్ కశ్మీరీ, డెబ్భై శాతం తగ్గింపు, పాతిక వేలే" అని ఎగ్జిబిషన్‌లో ఎలా ఇస్తున్నారు? అందులో అన్ని ముడులూ ఉండవు, అది పట్టూ కాదు కాబట్టి. విస్కోస్, అంటే మొక్కల గుజ్జు నించి తీసే దారం. దానికే బాంబూ సిల్క్, బనానా సిల్క్, ఆర్ట్ సిల్క్ అని ముద్దుపేర్లు. ఆర్ట్ అంటే కళ కాదండోయ్, ఆర్టిఫిషియల్‌కి తోక కోసేశారు.

షాపులో ఇద్దరు కుర్రాళ్ళు తివాచీ చెరో పక్కా పట్టుకుని గిర్రున తిప్పి "చూడండి మేడమ్, రంగు మారింది, అసలు పట్టుకే ఇలా మారుతుంది" అంటారు. నూగు (పైకి లేచి ఉండే పోగుల కొసలు) ఒక పక్కకి వాలి ఉంటుంది కాబట్టి వెలుగు పడే తీరుని బట్టి ఏ తివాచీ అయినా అలా మారుతుంది, విస్కోస్ అయితే మరీ. ఇంకొందరు కుచ్చు కొస కాల్చి చూపిస్తారు. కాల్చాల్సింది కుచ్చుని కాదు, నడిమధ్య నూగులోంచి లాగిన పోగుని. పట్టయినా ఉన్నయినా జుట్టు కాలిన కంపు రావాలి, విస్కోస్ అయితే కాగితం కాలిన వాసన వస్తుంది. తడిపిన తెల్ల రుమాలుతో ఒకసారి రుద్దండి కూడా, రంగు దిగితే నమస్కారం పెట్టి బయటికొచ్చేయొచ్చు. కశ్మీరీదే కావాలంటే, 2022 నించి జీఐ గుర్తింపుతో (ఫలానా ప్రాంతపు సరుకేనని ఇచ్చే ముద్ర) క్యూఆర్ లేబుల్ వేస్తున్నారు, అది ఉందేమో అడగండి.

అసలు హాల్లోకి పట్టెందుకు? లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో అర్దబీల్ తివాచీ ఉంది. 1539-40 నాటిది, పదిన్నర మీటర్ల పొడవు. ఇరాన్ సఫవీ రాజుల కాలపు పని. ఆ రాజుల తివాచీలో కూడా నూగు ఉన్నిదే, పట్టు పెట్టింది లోపలి పడుగు పేకల్లో. పిల్లలు పరిగెత్తే చోట, సాంబారు ఒలికే చోట ఉన్ని తట్టుకుంటుంది. ముడుల లెక్క కూడా మరీ నెత్తికెక్కించుకోకండి. ఇరాన్ కొండ తెగల వాళ్ళు నేసే గబ్బే తివాచీల్లో ముడులు పల్చగానే ఉంటాయి, ఉన్ని మాత్రం ముద్దలా మంచిది. పొడి ఉన్నితో ఐదొందల ముడులు వేసి ఏం లాభం? అరచేత్తో రాస్తే లోపల కాస్త జిడ్డుగా, బతికున్నట్టు తగలాలి. గీస్తే గుప్పెడు బూర ఊడొస్తే ఒద్దు.

రంగు ఒకచోట ముదురుగా, రెండడుగుల అవతల లేతగా ఉంటే తప్పనుకుని బేరమాడేవాళ్ళని చూశాను. చేత్తో కొంచెం కొంచెంగా రంగేసిన ఉన్ని అలాగే ఉంటుంది. దాన్ని అబ్రాష్ అంటారు, ఇష్టపడి కొనేవాళ్ళూ ఉన్నారు.

అన్నట్టు, మా అమ్మమ్మగారిది ఏలూరు. ఉన్ని తివాచీలు నేసిన ఊరు, పర్షియా నించి వచ్చిన నేతగాళ్ళతో మొదలైందని చెప్పుకునే ఊరు. ప్రతి వేసవి సెలవలూ అక్కడే గడిపి కూడా ఒక్క మగ్గం చూడలేదు నేను. వరంగల్ తివాచీలు 1851లోనే లండన్ మహా ప్రదర్శనకి వెళ్ళాయి. ఇప్పుడు అక్కడ కొత్తవాడలో నేసే జంపఖానాలకి జీఐ గుర్తింపు ఉంది. నూగుండదు, రెండువైపులా ఒకటే, పురుగు భయం లేదు. ముడుల తివాచీకి డబ్బు చాలకపోతే, విస్కోస్ మెరుపులకి పోకుండా ఒక మంచి జంపఖానా వేసుకోండి. ప్రస్తుతం మా హాల్లో ఉన్నదదే.

తివాచీ కోసం మళ్ళీ డబ్బు కూడబెడుతున్నాను. ఈసారి ఉన్నిదే, చిన్నదే. ఈలోగా నాకో రోగం పట్టుకుంది. ఎవరింటికెళ్ళినా చెప్పులు విప్పగానే కాలి బొటనవేలితో కార్పెట్ మూల ఎత్తి చూస్తున్నాను. మొన్న మా వదిన వాళ్ళింట్లో ఆవిడ వంటింట్లోకి వెళ్ళినప్పుడు చూశాను. గుడ్డ. అంచున కాస్త పిండి కూడా. లక్షా పాతిక వేలని మురిసిపోతూ చెబుతుంటే నోరు రాలేదు, కాఫీ తాగి వచ్చేశాను. వదినా, ఇది చదివితే ఫోన్ చెయ్యి, ఆ షాపుకి ఇద్దరం కలిసే వెళ్దాం.