కుందేటి గుడ్డు

విషయం చాలా గంభీరమైనది. నవ్వకుండా చదవాలని మనవి.

ఈస్టరుకు మా పర్లాకిమిడి బజారులో ఒక కొట్టు ముందు నిలువెత్తు అట్టకుందేలు వెలిసింది. చంకలో బుట్ట, బుట్టలో రంగురంగుల గుడ్లు. కుందేటి కొమ్ము దొరకదని పెద్దలు ఏనాడో తేల్చారు గానీ, గుడ్డు సంగతి ఎవరూ చెప్పలేదు. కొట్టు యజమానిని అడిగాను. "అది ప్రాచీన ఆచారమండీ" అన్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషితో వాదనేమిటని ఇంటికొచ్చి పుస్తకాలు తిరగేశాను.

గుడ్లు తెచ్చే కుందేలు ఊసు 1682లో గియోర్గ్ ఫ్రాంక్ అనే జర్మన్ వైద్యుడి రాతల్లో కనిపిస్తుంది. కుందేలు తోటలో గుడ్లు దాస్తుందని ఇప్పటి ఫ్రాన్సులోని అల్సాస్ ప్రాంతంలో పిల్లలకు చెప్పేవారట. వలస వెళ్లిన జర్మన్లతో అది అమెరికాలోని పెన్సిల్వేనియాకు చేరింది. 1873లో బ్రిస్టల్‌లోని ఫ్రై కంపెనీ చాక్లెట్ గుడ్డు పోసింది. రెండేళ్లకు క్యాడ్‌బరీ అందుకుంది. మా కొట్టాయన చెప్పిన ప్రాచీనత ఇంతే.

గుడ్డు మాత్రం నిజంగా పాతది. మధ్యయుగాల యూరప్‌లో ఈస్టరుకు ముందు ఉపవాసముండే నలభై శ్రమదినాలూ మాంసంతోపాటు గుడ్లూ నిషిద్ధం. ఆ నియమం పోపుకు తెలుసు, రాజుకు తెలుసు, కోడికి తెలియదు. అది మానకుండా పెడుతూ పోయింది. పండుగనాటికి ఇల్లిల్లూ గుడ్ల గుట్ట. ఉడకబెట్టారు, రంగులద్దారు, పంచారు. 1290లో ఇంగ్లండు రాజు ఒకటో ఎడ్వర్డ్ ఇంటి పద్దుల్లో 450 గుడ్లకు 18 పెన్నీల ఖర్చు ఉంది. వాటికి బంగారు రేకు కూడా అద్దించాడు. పెంకు సమాధి అనీ, చీల్చుకొచ్చే పిల్ల పునరుత్థానమనీ, తూర్పు క్రైస్తవ (ఆర్థడాక్స్) సంఘాలవారు అద్దే ఎరుపు క్రీస్తు రక్తమనీ చెప్పే అర్థాలు నాకూ ఇష్టమే. నా అభ్యంతరమల్లా ఒక్కటే. నొప్పులు కోడివి, బొమ్మ కుందేలుది.

మా చర్చి సంఘ కమిటీలో కోడి పక్షాన తీర్మానం పెట్టాను. ఆ పూట భోజనంలో కోడికూర ఉండటం వల్ల కాబోలు, బలపరిచేవారు లేకపోయారు.

సరిహద్దువాళ్లం గనుక పేరొకరిది, పాటొకరిది కావడం మాకు కొత్త కాదు. 1936లో రాష్ట్రాల మధ్య గీత గీశాక ఊరు ఒడిశాలో పడింది, వియ్యాలవారు గీతకు అవతల పాతపట్నంలో మిగిలారు. కొత్త సంవత్సరం చంద్రుణ్ణి నమ్ముకున్న ఉగాదికా, సూర్యుణ్ణి నమ్ముకున్న ఒడియావారి పణా సంక్రాంతికా అని వీధిలో ఏటా తగవే. ఈస్టరు ఒక్కటే ఆ ఇద్దరినీ ఒక బల్ల మీద కూర్చోబెట్టింది: మార్చి 21న గానీ, ఆ తర్వాత గానీ వచ్చే పున్నమి దాటాక తొలి ఆదివారం. ఇంత చక్కటి పంచాంగానికి అట్టకుందేలు అవసరమేమిటో!

ఆ ఆదివారం చీకటితోనే సమాధుల తోటకు వెళ్లాం. ముందురోజు వేసిన సున్నం ఇంకా చేతికి అంటుతోంది. బంతిపూల మధ్య కొవ్వొత్తి ఆరిపోయినప్పుడల్లా పక్క సమాధి నుంచి వెలిగించుకున్నాం. పాట ముగిసేసరికి మహేంద్రగిరి వైపు ఆకాశం తెల్లబడింది. దీన్ని ఎవరూ అమ్మడం లేదు. అందుకే కాబోలు, బజారులో దీని బొమ్మ లేదు.

ఇంటికొచ్చాక మేనల్లుడు విశాఖ నుంచి బస్సులో తెచ్చిన పెట్టె విప్పాడు. లోపల చాక్లెట్ కుందేలు. పాతపట్నం దాటేసరికే దాని చెవులు పొట్టలోకి జారాయి, పొట్ట అట్టకు అంటుకుంది. పిల్లలు అట్ట నాకుతుంటే మామ్మ కళ్లజోడు సవరించుకుని చూసింది.

"గుడ్డు పెడితే పెట్టింది గానీ, పొదిగేదెవరురా?"

పెరట్లో బుట్ట కింద నల్లపెట్ట అప్పటికి పదిహేను రోజులుగా పొదుగుతోంది.