ర్యామ్ వేయించు తమ్మీ, విమానం దానంతటదే దిగుతది

హన్మకొండ చౌరస్తా నుంచి కాజీపేట దాకా ఏ కంప్యూటర్ దుకాణం మెట్లెక్కి ‘అన్నా, ఫ్లైట్ సిమ్యులేటర్ కూలిపోతున్నది’ అని చెప్పండి. కంప్యూటర్‌లో విమానం నడిపే ఆట అది. ఎప్పుడు కూలింది, ఎక్కడ కూలింది, ఏ విమానం, ఏ సీనరీ (ఊళ్ల, విమానాశ్రయాల బొమ్మలు), ఇవేవీ ఎవరూ అడగరు. కేబినెట్ పక్క డొప్ప విప్పకముందే తీర్పు వచ్చేస్తుంది. ‘ర్యామ్ వేయించు తమ్మీ.’ అంటే మెమరీ కర్ర ఇంకోటి కొనమని.

ఇందులో దుకాణదారుణ్ని ఒక్కణ్నే తప్పు పట్టడం ధర్మం కాదు. 2006 అక్టోబర్‌లో వచ్చిన మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్, మనవాళ్లు ముద్దుగా ఎఫ్‌ఎస్‌ఎక్స్ అనేది, తాను చచ్చేటప్పుడు పక్కవాడి పేరు చెప్పి చస్తుంది. తొమ్మిది గంటలు ఎగిరి, చక్రాలు దించి, రన్‌వే దీపాలు కనబడుతుండగా ఒక డబ్బా తెర మీదికొస్తుంది. మీ కంప్యూటర్‌లో మెమరీ అయిపోయింది, సెట్టింగులు మార్చుకొని మళ్లీ రండి అని దాని సారాంశం. మీ కంప్యూటర్‌లో అట! కంప్యూటర్‌లో 32 జీబీల ర్యామ్ ఉంటుంది, అందులో 20కి పైగా ఖాళీగా ఉంటుంది, టాస్క్ మేనేజర్ తెరిస్తే పచ్చిగా కనబడుతుంది. అయినా సరే, చివరి మాట మృతుడిదే కాబట్టి అందరూ నమ్ముతారు.

ఈ వైద్యాన్నే ఆధారం చేసుకుంటే మన చరిత్రనూ తిరగరాయాలి. నిజాం కట్టించిన మామునూరు విమానాశ్రయం 1981 దాకా నడిచి ఆగిపోయింది. కారణాలేవో పెద్దలు ఇన్నేళ్లుగా చెబుతూనే ఉన్నారు గానీ, ఆ ఏడు ఎవరో ర్యామ్ పీక్కుపోయి ఉంటారు.

అసలు సంగతి ఇది. ఎఫ్‌ఎస్‌ఎక్స్ 32 బిట్ల ప్రోగ్రాం. దానికి మెమరీ కావాలంటే ముందు ఒక అడ్రస్ కావాలి. జాగా ఉన్నా ఇంటి నంబర్ లేకపోతే మున్సిపాలిటీ లెక్కలో ఆ ఇల్లు లేనట్టే కదా, అట్లా. 32 బిట్లతో రాయగల నంబర్లు మొత్తం 429 కోట్ల 49 లక్షల 67 వేల 296. బైటుకొక నంబర్ చొప్పున సరిగ్గా 4 జీబీలు. 64 బిట్ల విండోస్ మీద ఎక్కువలో ఎక్కువ అంతే దొరుకుతుంది. అది కూడా ఎఫ్‌ఎస్‌ఎక్స్‌కు తర్వాత వచ్చిన సర్వీస్ ప్యాక్ 2 అనే సవరణ గానీ, యాక్సిలరేషన్ అనే అనుబంధం గానీ వేసుకున్నవాళ్లకే. ఇంకా 32 బిట్ల విండోస్‌నే పట్టుకొని వేలాడేవాళ్లకు మామూలుగా 2 జీబీలే, బూట్ సెట్టింగు మార్చుకుంటే 3. ఈ లెక్కలో ర్యామ్ అన్న మాట ఎక్కడా రాలేదు, గమనించారా? ఊరి బయట ఎన్ని ఎకరాలు కొన్నా నంబర్లు పెరగవు.

ఈ చిన్న ముక్క ఎవరికీ ఎక్కడం లేదు గనక, ప్రభుత్వం దీని మీద ఏకసభ్య విచారణ కమిషన్ వేయాలని మనవి. కలెక్టరేట్‌లో ఒక గది, ఒక కూలర్, సాక్షులకు చాయ్ ఉంటే చాలు.

మొదటి సాక్షి ర్యామ్. 32 జీబీల ఆసామి, బోనులో పట్టడం లేదు. ‘సార్, ప్రమాదం జరిగిన టైంల నేను ఖాళీగనే ఉన్న. ముప్పావు వంతు పండుకొనే ఉన్నది. పిలిస్తె పోకపోదునా?’ మరి ఎందుకు పోలేదయ్యా అని కమిషన్ అడిగితే, ‘నా మీద రాయడానికి వాళ్ల దగ్గర నంబర్ లేదట సార్. ఇప్పుడు నా పక్కన నా తమ్ముణ్ని గూడ కొనుక్కొస్తున్నరు, ఇద్దరం కలిసి పండుకుంటం’ అని కళ్లు తుడుచుకుంది.

రెండో సాక్షి పేజ్‌ఫైల్, ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్క్ మీద వాడుకునే ఫైలు. పేరు వల్ల కేసులో ఇరుక్కున్న అమాయకుడు. ‘సార్, విండోస్‌ల నన్ను వర్చువల్ మెమరీ అంటరు. అయిపోయింది వర్చువల్ అడ్రస్ స్పేస్, అంటే ఆ ఇంటి నంబర్లు. ఇద్దరి ఇంటిపేరు ఒకటని నన్ను తెచ్చి 16 జీబీలకు సాగదీసిన్రు. నాకూ ఆ పిల్లగాని చావుకూ సంబంధం లేదు.’ నిజమే. పేజ్‌ఫైల్‌ను విండోస్ చేతికే వదిలేస్తే చాలు. పెంచితే ఒక్క అడ్రస్ కూడా పుట్టదు, పూర్తిగా తీసేస్తే మాత్రం కొత్త తలనొప్పి పుడుతుంది.

మూడో సాక్షి ఎఫ్‌ఎస్‌ఎక్స్ స్వయంగా, 2006 బ్యాచ్ గుమాస్తా. చంకలో రిజిస్టర్. ‘గడులు 32 ఉన్నయి సార్. అవి నిండినంక ఏం రాయాలె?’ కొత్త రిజిస్టర్ తెచ్చుకోవచ్చు కదా అన్నారు. ‘తెచ్చేది నన్ను తయారుచేసిన మైక్రోసాఫ్టోళ్ల ఏసెస్ స్టూడియో సార్. 2009 జనవరిల దానికే తాళం పడ్డది.’ కమిషన్ కాసేపు కూలర్ వైపు చూసింది.

నాలుగో సాక్షి అసలు ముద్దాయి. 4096 బై 4096 టెక్స్చర్, అంటే విమానం ఒంటికి అతికించే అన్ని చుక్కల బొమ్మ. డీఎక్స్‌టీ5 అనే పద్ధతిలో కుదించి, మిప్‌మ్యాపులనే చిన్న సైజు నకళ్లతో కలిపి బరువు 21 ఎంబీల పైచిలుకు. అదే బొమ్మ 1024లో ఉంటే 1.3 ఎంబీ, అంటే పదహారో వంతు. విమానం తోక మీద బోల్టు కనబడాలని ఈయన్ని పిలిపించారు. ప్రమాద సమయానికి ఇంకా 300 ఎంబీల అడ్రసులు మిగిలే ఉన్నాయి కదా, నీ 21కి ఏమొచ్చిందని కమిషన్ గట్టిగానే అడిగింది. ‘ఉన్నయి సార్, కాదన్నానా? ఆడింత ఈడింత ఉన్నయి. పెండ్లి బంతిల మా ఇంటోళ్లందరికి ఒకటే వరుసల విస్తర్లు పడాలె. ఒక్కొక్కల్ని ఒక్కో మూలకు కూసోబెడ్తమంటె మేం లేచి పోతం.’ పోయారు. విమానం కూడా పోయింది. అడ్రసులు మొత్తం అయిపోనక్కర్లేదు, ఒకే వరుసలో కావలసినన్ని దొరక్కపోయినా కథ ఒడిసినట్టే.

దిగేటప్పుడే ఎందుకు కూలుతుందన్నది దుకాణాల్లో ఇంకో పెద్ద రహస్యం. రహస్యమేం లేదు. ఎక్కిన ఊరి సీనరీలో వదలాల్సింది సిమ్ (అదే, సిమ్యులేటర్) పూర్తిగా వదలదు. దారి పొడుగునా మబ్బులు, నేల ఎత్తుపల్లాల మెష్, భూమి బొమ్మలు పేరుకుంటాయి. దిగే చోట విడిగా కొన్న విమానాశ్రయం సీనరీ, దాని చుట్టూ నగరం, చెట్లు, ఇళ్లు, గేటు గేటుకూ నిలబెట్టిన, సిమ్ తనే నడిపే ఏఐ విమానాలు అన్నీ ఒక్కసారి మీద పడతాయి.

లక్షణం తెలియకుండా మందు మింగేవాళ్ల కోసం రెండు ముక్కలు. టాస్క్ మేనేజర్‌లో మెమరీ అంకె చూసి ఏడవొద్దు, నవ్వొద్దు, అది ఈ లెక్క కాదు. మైక్రోసాఫ్ట్ సిస్‌ఇంటర్నల్స్ వారి ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ అనే ప్రోగ్రాం ఉచితంగా దొరుకుతుంది. అందులో కాలమ్స్ ఎంచుకునే చోట ప్రాసెస్ మెమరీ కింద ‘వర్చువల్ సైజ్’కు టిక్కు పెట్టి ఎఫ్‌ఎస్‌ఎక్స్ వరుస చూడండి. 4 జీబీల దగ్గరికి పాకుతుంటే ముహూర్తం దగ్గర పడ్డట్టు. సిమ్‌కు తగిలించే ఎఫ్‌ఎస్‌యూఐపీసీ అనే అనుబంధ ప్రోగ్రాం ఉన్నవాళ్లు లాగింగ్ పేజీలో ఆఫ్‌సెట్ 024సీ, రకం ఎస్32 అని ఇస్తే మిగిలిన అడ్రసులు కిలోబైట్లలో కనబడతాయి. ఆ అంకె మరీ పడిపోయినప్పుడు టింగు టింగుమని గంట కొట్టేది కూడా అదే. ఆ గంట విని ‘స్పీకర్ ఖరాబైంది’ అని స్పీకర్ మార్పించిన మహానుభావులకు నమస్కారం.

ఇక చికిత్స. అసలు పాపం చాలావరకు ఒక్క వరుసలో ఉంది. సిమ్ సెట్టింగులు దాచుకునే ఎఫ్‌ఎస్‌ఎక్స్.సీఎఫ్‌జీ ఫైలు యాప్‌డేటా రోమింగ్‌లో, మైక్రోసాఫ్ట్ ఫోల్డర్‌లోని ఎఫ్‌ఎస్‌ఎక్స్‌లో ఉంటుంది. ముందు దానికొక కాపీ తీసి పెట్టుకోండి. అందులో టెర్రైన్ భాగంలో ఎల్‌ఓడీ_రేడియస్ అని ఉంటుంది, మీ చుట్టూ ఎంత దూరం దాకా నేలను వివరంగా గీయాలో చెప్పేది. సిమ్ మెనూ ఇచ్చే గరిష్ఠం 4.5. వీడియో గురువులు దాన్ని 6.5 చేయమంటారు, ఇంకా పెద్ద గురువులు 9.5 అంటారు. అది వ్యాసార్ధం నాయనా, వైశాల్యం వర్గంతో పెరుగుతుంది. 6.5 అంటే భారం రెండింతలు దాటింది, 9.5 అంటే దాదాపు నాలుగున్నర ఇంతలు. హన్మకొండలో కూర్చొని ఖిల్లా వరంగల్ గడ్డిపోచలు లెక్కపెట్టాలన్న ఆశకు ఇది వెల. 4.5కి తెండి. గ్రాఫిక్స్ భాగంలో టెక్స్చర్_మ్యాక్స్_లోడ్ 4096 ఉంటే 1024 చేయండి, మరీ మనసొప్పకపోతే 2048. ఇంకో తమాషా ఏమిటంటే, సిమ్ మెనూలో ఏ స్లయిడరో కదిపితే ఈ రెండూ వాటంతటవే సిమ్ సొంత విలువలకు వచ్చేస్తాయి, 2048 పెట్టుకున్నా 1024 అయిపోతుంది. ‘నిన్న బాగానే దిగింది, ఇవాళ బొమ్మ మసకగా ఉంది’ అనేవాళ్ల కథ ఇదే.

హైమెమ్‌ఫిక్స్=1 అన్న వరుసను తాయెత్తులా కట్టుకు తిరిగేవాళ్లున్నారు. అడ్రసులు పైకి నిండినప్పుడు బొమ్మలు మాయమవడం, నల్లబడటం అన్న జబ్బుకు అది మందు. ఉంచుకోండి, మంచిదే. కానీ అది ఒక్క ఎంబీ కూడా పెంచదు.

సీనరీ లైబ్రరీలో ఇవాళ వెళ్లని ఊళ్లకు టిక్కు తీసేయండి. ముంబై నుంచి హైదరాబాద్ వచ్చేవాడికి లండన్, న్యూయార్క్ ఎందుకు? అన్నట్టు ఈ సిమ్‌లో హైదరాబాద్ అంటే బేగంపేటే. శంషాబాద్ తెరిచింది 2008 మార్చిలో, సిమ్ అంతకన్నా పెద్దది. శంషాబాద్‌లో దిగాలంటే సీనరీ విడిగా తెచ్చుకోవాలి, దాని బరువూ మోయాలి. ఏఐ ట్రాఫిక్ తగ్గించండి. ఆటోజెన్, అంటే సిమ్ తనంతట తానే నింపే చెట్లు, ఇళ్లు, ఒక మెట్టు దించండి. సిమ్ గ్రాఫిక్స్ మెనూలో డీఎక్స్10 ప్రివ్యూకు టిక్కు పెట్టుకుంటే అడ్రసుల మీద ఒత్తిడి తగ్గుతుంది, దానికి దాని లొసుగులు దానికున్నాయి. ఒక ప్రయాణం అయ్యాక సిమ్ మూసి మళ్లీ తెరవకుండా రెండోది మొదలుపెట్టేవాళ్లకు చెప్పగలిగింది ఏమీ లేదు.

ఇవన్నీ ఎంత? నోట్‌ప్యాడ్, అరగంట సమయం, రూపాయి ఖర్చు లేదు. నవ్వు ఇక్కడితో చాలు. ఏనుమాముల మార్కెట్‌లో కాంటా అయ్యి, అడ్తి కోతలు పోను చేతికొచ్చిన పత్తి పైసల్లోంచి కొడుకు చదువుకు పనికొస్తదని కంప్యూటర్ కొన్న మనిషి ఉంటాడు. ఆయన్ని మళ్లీ కౌంటర్ ముందు నిలబెట్టి, అవసరం లేని ర్యామ్ కర్ర చేతిలో పెట్టి, బిల్లు కూడా ఇవ్వకుండా పంపడాన్ని వ్యాపారం అనరు. ‘మెమరీ’ అన్న ఒక్క మాట చదివి, ఏ మెమరీ అని అడగకుండా పైసలు తీసుకున్నారు. ఆ కర్ర పెట్టిన రాత్రి సిమ్ అదే రన్‌వే మీద, అదే ఎత్తులో, అదే డబ్బాతో కూలుతుంది. మర్నాడు వాపసు తీసుకోమంటే సీల్ విప్పినవ్ గదా అంటారు. తెలియకపోవడం నేరం కాదు, తెలియదని చెప్పకుండా అమ్మడం నేరం. వాళ్ల వెనకాల ‘ఈ ఒక్క ఫైలు వేస్తే ఔటాఫ్ మెమరీ జన్మలో రాదు’ అని పిల్లల దగ్గర పైసలు గుంజే ట్వీకు వ్యాపారులున్నారు. వాళ్లు అమ్మేది పైన ఉచితంగా రాసినలాంటి నాలుగు వరుసలే, వాళ్ల వాటిలో రెండు తప్పు కూడా.

అన్నీ చేసినా దూర ప్రయాణాల్లో ఒక్కోసారి తప్పదు. అప్పుడు ముసలి గుమాస్తాతో కొట్లాడకుండా రిజిస్టర్ చింపేయడమే మార్గం. దిగడం మొదలయ్యే ముందు ఫ్లైట్ సేవ్ చేసి, సిమ్ పూర్తిగా మూసి, మళ్లీ తెరిచి, అదే ఫ్లైట్ ఎక్కించాలి. దారిలో పేరుకున్న చెత్తంతా పోయి అడ్రసులు చాలావరకు తిరిగొస్తాయి. కొన్న బరువైన విమానాలు కొన్ని తమ లోపలి స్థితిని సరిగ్గా గుర్తుంచుకోవు, ఇంధనం, విమానంలోని ఎఫ్‌ఎంసీ అనే దారి చూపే కంప్యూటర్‌లో రూటు ఒకసారి సరిచూసుకోండి. ఆపైన చక్రాలు దించండి. గంట మోగదు, డబ్బా రాదు, టైర్లు రన్‌వేకు తగిలిన కీచు శబ్దం వినబడుతుంది. సరిగ్గా అప్పుడే వెనక మంచం మీంచి నాయన గొంతు:

‘చూసినవా, ర్యామ్ వేయించినంక ఎట్ల దిగిందో.’