హుద్‌హుద్‌కి మీరు ఊళ్లో ఉన్నారా?

మా ఎంవీపీ కాలనీ అపార్ట్‌మెంట్‌లో లిఫ్టు పడుకుని మూడు వారాలైంది. దాన్ని లేపడానికి మొన్న ఆదివారం సెల్లార్‌లో మీటింగు పెట్టారు. ప్లాస్టిక్ కుర్చీలు, టీ, పునుగులు. తర్కశాస్త్రం చచ్చిపోయిందని బెంగపడేవాళ్లు వచ్చి చూడాల్సింది.

వాదంలో మనిషి ఓడిపోయే దారులు 22 అని గౌతమ మహర్షి తన తర్కగ్రంథం న్యాయసూత్రాల్లో లెక్కగట్టాడు. నిగ్రహస్థానాలంటారు. పాపం, చేయకూడనివని చెప్పాడాయన. మావాళ్లు ఎజెండా అనుకున్నారు.

"మెయింటెనెన్స్ లెక్కలు చూపించండి" అన్నారు మూడో అంతస్తు మాస్టారు. "మీరు ప్రెసిడెంటుగా ఉన్నప్పుడు చూపించారేటి?" అన్నారు సెక్రటరీ గారు. దీన్ని మతానుజ్ఞ అంటారు: నా మీద పడ్డ మచ్చ తుడుచుకోను, నీ చొక్కా మీదా ఉందంటాను. ఈలోగా ఒకాయన వీధికుక్కల సంగతి ఎత్తారు. అసలు సంగతి వదిలేసి పక్కదారి పట్టడం, అంటే అర్థాంతరం. ఇంకొకాయన "డబ్బులు కడతారా, మా అమ్మని అయిదంతస్తులూ మోస్తారా?" అని గర్జించారు. లెక్క చూపించి కట్టించుకోవచ్చన్న మూడో దారి ఎవరికీ తోచలేదు. వసూలు మాట రాగానే నలుగురికి ఒకేసారి ఇంట్లో పని గుర్తొచ్చింది. పని ఉందని వాదం మధ్యలో లేచిపోవడాన్ని విక్షేపం అన్నాడు గౌతముడు. ఆయన కాలంలోనూ అపార్ట్‌మెంట్లు ఉండేవేమోనని నా అనుమానం.

మాస్టారు అయినా తగ్గలేదు. కాగితం తీసి కూడికలు చదువుతుంటే, వెనక వరసలోంచి ఒక గొంతు: "హుద్‌హుద్‌కి మీరు ఊళ్లో ఉన్నారేటండి?"

అంతే, సెల్లార్ చల్లబడింది. విశాఖలో దీన్ని మించిన అస్త్రం లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను గాలికి ఊగే తలుపుని వీపుతో ఆపినవాడికి లిఫ్టు మోటారు మీద కూడా అధికారం ఉంటుంది. మాస్టారు కాకినాడ నుంచి వచ్చింది 2016లో. కాబట్టి ఆయన కూడికలు చెల్లవు. (ఆ రోజు నేను ఊళ్లోనే ఉన్నాను. ఈ వ్యాసాన్ని నిస్సందేహంగా నమ్మవచ్చు.)

నేను లేచి ఎవరి దోషానికి ఏ పేరో విడమరిచి చెప్పాను. పునుగులు అయిపోయాయి. లిఫ్టు కదల్లేదు.

సాయంత్రం బీచికి బయల్దేరుతుంటే మా ఆవిడ "తూనీగలు కిందుగా తిరుగుతున్నాయి, గొడుగు పట్టుకెళ్లండి" అంది. పొద్దుటి ఊపు ఇంకా దిగలేదు నాకు. "అది కాకతాళీయం! కాకి వాలగానే తాటిపండు రాలితే కాకి రాల్చినట్టా?" అని మెట్లు దిగాను.

కురుసురా సబ్‌మెరైన్ మ్యూజియం దాటానో లేదో కుండపోత. చేతిలో మురీ మిక్స్చర్ పొట్లం పాయసమైంది. కారణం తప్పయితే వాన కురవకూడదని గౌతముడు ఎక్కడా రాయలేదని, పళ్లు టకటకలాడుతుంటే గుర్తొచ్చింది.

తడిసిన చెప్పులతో అయిదంతస్తులూ ఎక్కాను. "లిఫ్టు పనిచేసుంటే గొడుగు కోసం వెనక్కొచ్చేవాణ్ణే" అన్నాను గుమ్మంలోనే. తువ్వాలు చేతిలో పెట్టి ఆవిడ నోరు తెరవబోయింది.

"అర్జెంటుగా వ్యాసం రాయాలి" అని గదిలోకి వచ్చేశాను.